ఎక్స్‌రే అమ్మ సూది గీతలు

పోయిన బుధవారం తిరుపతిలో ఒక కళాశాల సెమినార్ హాలులో ఆమెకు సంతాప సభ జరిగింది. ఫోటోకు చామంతి దండ వేసి, నుదుట కుంకుమ బొట్టు పెట్టారు. ఆమె క్రైస్తవురాలు. ఏళ్ళ తరబడి పక్క గదుల్లో పనిచేసినవాళ్ళకు ఆ సంగతి గుర్తు లేదు.

విభాగాధిపతి మైకు సవరించుకొని, "మేడమ్ ఎప్పుడూ మన స్కాలర్లకు మంచి రిజల్ట్స్ ఇచ్చేది" అన్నాడు. చివరి వరుసలో కూర్చున్న నాకు ఒళ్ళు మండింది. ఆమె ఎవరికీ మంచి రిజల్టు ఇవ్వలేదు. ఉన్న రిజల్టు ఇచ్చింది. ఈ రెంటికీ తేడా తెలియని మనిషి ఆమె గురించి పావుగంట మాట్లాడాడు. తరువాత ఇంకొకాయన లేచి ఆమె చాలా సర్దుకుపోయే మనిషి అన్నాడు. అందరూ తలలు ఊపారు. సమోసాలు పంచారు. నేను తినకుండా లేచి వచ్చాను.

ఆమె ప్రొఫెసరు కాదు. ఆ విభాగంలో ఎక్స్‌రే యంత్రం నడిపే టెక్నీషియన్. ఆసుపత్రిలో ఉండే యంత్రం కాదది. పొడి మీద కిరణాలు పడేసి, ఆ పొడిలో ఉన్న స్ఫటికాలు ఏ పదార్థానివో, ఎంత పరిమాణానివో చెప్పే యంత్రం. పేరు విని మోసపోయి ఒకసారి హాస్టలు వంటమనిషి దగ్గుకుంటూ వచ్చి ఛాతీ చూడమన్నాడట. "నిన్ను కల్వంలో ఏసి మెత్తగా నూరి తెమ్మను, సూస్తా" అని పంపించిందట. అప్పటినుంచి ఆమెకు ఎక్స్‌రే అమ్మ అనే పేరు నిలిచింది.

స్ఫటికం అంటే మనకు కలకండ, ఉప్పురాయి గుర్తుకొస్తాయి. ఆమె దగ్గరికి వచ్చేవి వాటి ముందు లేనట్టే లెక్క. వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. నానో అంటారు. కంటికి కనిపించవు, మామూలు మైక్రోస్కోపుకూ చిక్కవు. కానీ ఆ యంత్రం కాగితం మీద గీసే గీతలో దొరికిపోతాయి. స్ఫటికం పెద్దదయితే గీత సూదిలా నిటారుగా లేస్తుంది. చిన్నదయ్యే కొద్దీ లావెక్కి, శేషాచలం కొండల్లా పరుచుకుంటుంది. ఆ వెడల్పు కొలిచి పరిమాణం లెక్కగడతారు. "సూది వస్తే పెద్దది, గుట్ట వస్తే సిన్నది. శాస్త్రం ఇంతే. మిగిలిందంతా మీ సార్లు జీతానికి చెప్పేది" అనేది.

నేను ఆమెను మొదటిసారి చూసింది నాలుగేళ్ళ కిందట, మామిడి పూత కాలంలో. తలుపు పక్క బల్ల మీద నన్ను గంటన్నర కూర్చోబెట్టింది. నేను అలా కూర్చోవడానికి పుట్టినవాణ్ణి కాదు. ఒకప్పుడు చిత్తూరు తట్టు పద్నాలుగు ఊళ్ళ మీద మా ఇంటి మాట చెల్లేది. ఇప్పుడు మిగిలింది మూడెకరాల తోతాపురి తోట, ఒక ఇంటిపేరు. కడుపు నింపేది తిరుచానూరులో లాడ్జి మేనేజరు ఉద్యోగం. లోపలికి నా కార్డు పంపించాను. కార్డు వెనక్కి వచ్చింది, ఆమె మాత్రం రాలేదు.

ఆ గంటన్నరా ఆమె పని చూస్తూ కూర్చున్నాను. చెప్పులు గడప బయటే విడిచింది. కిరణాలు ఒంటిమీద ఎన్ని పడ్డాయో లెక్క చెప్పే చిన్న బ్యాడ్జి ఒకటి జాకెట్టుకు గుచ్చుకొని ఉంది. పచ్చని రాతి కల్వంలో పొడిని నూరేటప్పుడు మణికట్టు మాత్రమే తిరిగేది, భుజం కదిలేది కాదు. పొడిని గాజు పలక గుంటలో నింపి, ఇంకో గాజుముక్కతో అణిచి, పడితో వడ్లు కొలిచినప్పుడు పైన చేత్తో సమంగా రాసినట్టు రాసింది. ఆ తరువాత నడుము వంచి, కన్ను పలక అంచుకు సరిగ్గా వచ్చేదాకా కిందికి దిగింది. అంత పెద్దమనిషి అలా వంగడం నాకు వింతగా అనిపించింది. పొడి అంచుకంటే వెంట్రుకంత పైకి లేచినా గీతలన్నీ పక్కకు జరిగిపోతాయట. "తలెత్తుకొని కూర్సుంటే కొలత తప్పు పడతాది" అన్నది. ఎదురుగా నిలబడిన స్కాలరుతో అన్నది. తగిలింది నాకు.

ఆ స్కాలరు గడ్డం మాసిపోయిన మనిషి. బతిమాలుతున్నాడు.

"మేడమ్, ఇరవై నానోమీటర్లు రావాల మేడమ్. గైడు సారు పేపర్లో అట్లనే రాసేసినాడు."

"రావాల అంటే వచ్చేదానికి అదేమన్నా కాళాస్తి బస్సా? నువ్వు చేసింది ఎనభై. ఎనభై అని రాసుకో పో."

"రవ్వంత స్మూత్ చేస్తే గీత లావుగా కనపడతాది గదా మేడమ్."

"నీ మొగం స్మూత్ చేస్తా. గీత జోలికి పోవద్దు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఓదార్చలేదు. తన ఫ్లాస్కులో టీ మూతలోకి వంచి చేతికిచ్చి, "వేడి ఎక్కువసేపు పెట్టినావు. ఎక్కువసేపు పెడితే పెద్ద స్ఫటికాలు చిన్నవాటిని మింగి ఇంకా బలుస్తాయి, మన ఊర్లల్లో మాదిరే. ఈసారి ముందే దించు. సక్కంగా చేసి తే, ఆదివారమైనా చర్చి అయినాక వచ్చి పెడతా" అన్నది. అతను టీ తాగి, ఎనభై రాసుకొని వెళ్ళాడు.

అప్పుడు నా వైపు తిరిగింది. నేను లేచి ఇంటిపేరు, ఊరిపేరు చెప్పడం మొదలుపెట్టాను.

"పొడి తెచ్చినావా, పేరు తెచ్చినావా అప్పా? పేరును నూరేదానికి నా కాడ కల్వం లేదు."

నా వయసు అరవై. నన్ను మొదటి మాటలోనే నువ్వు అన్న ఆడమనిషి మా అమ్మ తరువాత ఆమే. సీసా తీసి బల్ల మీద పెట్టాను.

ఆ సీసా కథ చెప్పాలి. మా ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. తొలి మడక గానీ, తొలి విత్తనం గానీ, తొలి మందు గానీ, ముందు మా ఇంటి నేల మీద పడాలి. తొలిచెయ్యి అంటారు. ఆ తరువాతే ఊరు కదులుతుంది. మా నాయన కాలంలో భూములు పోయినప్పుడు ఆ ఆచారమూ పోయింది. ఇరవై ఏళ్ళ తరువాత ఒక మందుల డీలరు మా ఇంటికి వచ్చి దాన్ని లేపాడు. నానో స్ఫటికాల జింకు మందు తెచ్చాడు. సీసా మీద మెరిసే రాయి బొమ్మ. "అన్నా, మీరు తొలి పిచికారీ కొడితే చాలన్నా. మీ ఇంటి పేరు చెప్తే ఇప్పటికీ ఆ పక్క తువ్వాల నడుముకు చుట్టుకుంటారు" అన్నాడు. నాకు అప్పటికే లోపల తలపాగా చుట్టుకోవడం అయిపోయింది. అయినా బింకం చూపించి, గుడ్డిగా పేరిచ్చే వంశం కాదు మాది, తిరుపతిలో పరీక్ష చేయించి కాగితం తెస్తానన్నాను. డీలరు నవ్వి, చేయించుకోమన్నాడు. పూత మీద కొట్టే ముహూర్తం ఆదివారానికి పెట్టి, ఊరంతా చెప్పేశాడు. పక్క తోట రైతు మునిరత్నం నాకు ఎదురొచ్చి, "మీరు కొట్టినాక మేమూ కొడతాం సామీ" అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయింది!

ఆమె సీసా ఎత్తి వెలుతురులో చూసింది. "బయటి శాంపులుకు పెద్దసారు లెటరు కావాల. లేకపోతే పెట్టకూడదు" అన్నది. మళ్ళీ, "పూత మీద కొట్టేదా ఇది? ఎప్పుడు?" అన్నది. ఆదివారం అన్నాను. ఆ రోజు శుక్రవారం. ఆమె ఇక లెటరు మాట ఎత్తకుండా సీసా మూత తిప్పింది. అలా తిప్పినందుకు తరువాత ఆమెను ఏం చేశారో ముందు ముందు చెబుతాను.

సొరుగులోంచి లేజరు లైటు తీసింది. అలిపిరి దగ్గర యాత్రికుల పిల్లలకు అమ్మే బొమ్మ లైటు. ఒక గాజు గ్లాసులో విభాగం వాళ్ళు చేసిన అసలు నానో జింకు నీళ్ళు పోసింది. మజ్జిగతేట రంగు. లైటు వేస్తే నీళ్ళలో కిరణం ఎర్రటి దారంలా ఈ చివరినుంచి ఆ చివరిదాకా కనిపించింది. ఇంకో గ్లాసులో నా సీసాలోది పోసి లైటు వేసింది. ఏమీ లేదు. కిరణం గోడ మీద చుక్కగా పడింది గాని, నీళ్ళలో దాని జాడ లేదు.

"లోపల రవ్వలుంటే ఎలుతురు వాటికి తగిలి కనపడతాది. దీంట్లో ఏం లేవు. ఉప్పు నీళ్ళు ఎట్లనో ఇదీ అట్లనే."

"కంపెనీ సరుకమ్మా అది. బొమ్మ లైటుతో తేలుస్తావా?" అన్నాను. నేనూ నువ్వు అనేశాను.

ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను. కాదు. కిటికీ రెక్క మూసి, గోడ అలమరలోంచి నాలుగు చిన్న గాజుబుడ్లు తెచ్చి వరసగా పెట్టింది. కంటికి కనపడని కిరణాలు విసిరే నల్లలైటు వేసింది. ఒకటి నీలం, ఒకటి పచ్చ, ఒకటి నారింజ, ఒకటి ఎరుపు. నిప్పు లేకుండా నిప్పుకణికల్లా వెలిగాయి. నేను నోరు తెరిచి చూశాను. దాచడమెందుకు.

"నాలుగు బుడ్లల్లో ఒకటే సరుకు అప్పా. రంగు కలపలా. స్ఫటికం ఎంత సిన్నదయితే రంగు అట్ల నీలం తట్టు పోతాది, పెద్దదయితే ఎరుపు. టీవీల్లో ఇవే పెడతా ఉండారు. కాలిన పుండ్లకు కట్టే పట్టీల్లో వెండి స్ఫటికాలు ఉంటాయి, సీము పట్టనీవు. మొగానికి పూసుకునే క్రీముల్లో ఈ జింకే ఉంటాది, తెల్లగా కనపడకుండా ఎండను ఆపుతాది. సేన్లకూ పనికొస్తాది, ఈడ మా పిల్లోళ్ళు కుండీల్లో సెనక్కాయ మీద కొట్టి సూసినారు. ఇదంతా నిజం. నిజమైంది ఉండాది కాబట్టే దొంగది అమ్ముడుపోతా ఉండాది. నాకు కడుపుమంట ఆడ."

అప్పుడు చూశాను ఆమె కోపం. గొంతు పెరగలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడిచింది. రేపు రమ్మన్నది.

శనివారం వెళ్ళేసరికి గాజు పళ్ళెంలో నా మందు ఆరిపోయి ఉంది. పళ్ళెం నిండా పొడుగాటి పలుకులు, గోరుతో గిల్లి తీయగలిగినవి.

"సూడు. నానో అంటే కంటికి ఆనదు. ఇది కలకండ మాదిరి పలుకుతా ఉండాది. దీనికి నా మిషనే దండగ. అయినా పెట్టినా, నువ్వు నమ్మవని." కాగితం నా ముందుకు తోసింది. దాని మీద సూదులు. గుట్ట అన్నది ఒక్కటీ లేదు. "జింక్ సల్ఫేటు. బజార్లో దొరికే జింకు ఉప్పు. సున్నం కలపకుండా ఇంత చిక్కగా పూత మీద కొడితే మాడి రాలిపోతాది. కొట్టొద్దని సెప్పు మీ ఊర్లో."

"నేను మాటిచ్చాను" అన్నాను.

"ఎవురికి?"

అప్పుడు ఆమె నా ఊరిపేరు మళ్ళీ అడిగింది. "మీ ఊరి అవతలి పల్లె మాది. మా తాత మీ ఇంటి ముందర నడిసేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకొని నడిసినాడంట." నేను తల తిప్పుకున్నాను. "అడిగేదానికి చెప్పలా అప్పా. ఆడ మీ మాటకు ఎంత బరువుండాదో నాకు తెలుసు అని చెప్తా ఉండా. ఆ బరువు ఇప్పుడు పనికొస్తాది. వాడుకో."

కాగితం కింద తన చేత్తో రాసిచ్చింది: ఇందులో నానో స్ఫటికాలు లేవు, పూత మీద కొట్టరాదు. మడిచి జేబులో పెట్టుకొని వచ్చాను.

ఆదివారం నేను చేసింది ఇదీ. తెల్లవారి బావి దగ్గరికి వెళ్ళి, నా పిచికారీ ట్యాంకులో ఒట్టి నీళ్ళు నింపి మూత బిగించాను. నా లెక్కలో అన్నీ సరిపోయాయి. ఇచ్చిన మాట నిలిచింది. తోట దక్కింది. ఊరివాళ్ళు నా చెట్లు ఎలా ఉన్నాయో వారం రోజులు చూసి అప్పుడు కొడతారు, ఈలోగా ఏదో ఒకటి చెప్పవచ్చు. ఈ చివరిది నాకు నేను చెప్పుకున్న అబద్ధం. తొలిచెయ్యి పడ్డాక మా ఊళ్ళో ఎవరూ ఆగరని నాకు తెలుసు. ఆగడమంటే పెద్దింటి చేతిని శంకించడం. డీలరు పలక డప్పులు కొట్టించాడు. నేను తలపాగాతో తొలి చెట్టు మీద నీళ్ళు కొట్టాను. జనం చేతులెత్తారు. మధ్యాహ్నానికి ఊరి తోటలన్నిటి మీదా ఆ సీసాలు ఖాళీ అయ్యాయి.

వారం తిరగకముందే పూత గుత్తులు కాలిన అగరొత్తుల్లా నల్లబడి రాలాయి. నా మూడెకరాలు మాత్రం బంగారు రంగులో నిలబడి ఉన్నాయి. డీలరు ఊరివాళ్ళను నా గట్టు మీదికి తోలుకొచ్చి, ఫోనులో వీడియో తీయిస్తూ, "సూడండప్పా, దొరగారి తోట. మందు మంచిదే. మీకు కలిపేది రాలా" అన్నాడు. మునిరత్నం చేతులు కట్టుకొని విన్నాడు. నేను పక్కనే ఉన్నాను. జేబులో ఆమె కాగితం ఉంది. నోరు విప్పలేదు.

పది రోజుల తరువాత ఆమె తిరుచానూరు లాడ్జికి వచ్చింది. పెళ్ళి ముహూర్తాల రోజులు, కౌంటరు ముందు సందడి. కూర్చోమన్నాను.

"కూర్సునేదానికి రాలా." సంచిలోంచి రెండు కాగితాలు తీసి నా రిజిస్టరు మీద పరిచింది. "ల్యాబులో పరీక్ష చేయించిన మందంట. నీ తలపాగా వీడియో నా ఫోనుకే వచ్చినాది. మీ ఊరికి పోయి ఆకులు కోసుకొచ్చినా. మునిరత్నం చెట్టు ఆకు కడిగిన నీళ్ళు ఆరబెడితే ఇదిగో, సూదులు. నీ చెట్టు ఆకు కడిగితే దుమ్ము. ఉత్త దుమ్ము. నీ చెట్లకు ఏం కొట్టినావు?"

"అది మా ఇంటి విషయం."

"ఊరంతా మాడిపోయింటే మీ ఇంటి విషయమా? ఏమబ్బా నువ్వు!" కౌంటరు ముందు నిలబడినవాళ్ళు తిరిగి చూశారు. ఆమె లెక్కచేయలేదు. "వ్యవసాయ ఆఫీసులో అర్జీ పెడతా ఉండా. నువ్వు సంతకం పెట్టాల. నేను నీకు ముందే కాగితమిచ్చినా, ముందే చెప్పినా అని నీ నోటితో సెప్పాల. నేనొక్కదాన్ని చెప్తే టెక్నీషియను రాసిన కాగితం. నువ్వు కదిలితే ఊరు కదుల్తాది."

"మా ఇంట్లో ఎవరూ అర్జీ పట్టుకొని ఆఫీసుల ముందు నిలబడలేదు" అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసింది. తుడవలేదు. "అట్లనా. అయితే నిలబడొద్దులే అప్పా. కూర్సో. కూర్సోనే ఉండు" అని కాగితాలు రిజిస్టరు మీదే వదిలి వెళ్ళిపోయింది.

ఆమె ఒక్కతే అర్జీ పెట్టింది. నష్టపోయిన రైతు ఒక్కడైనా సంతకం పెట్టాలని ఆఫీసులో అన్నారు. ఎవరూ పెట్టలేదు. డీలరు ఊరుకుంటాడా? లెటరు లేకుండా బయటి శాంపులు పెట్టిందని కళాశాలకు రాసి పంపాడు. ఆమెకు మెమో ఇచ్చారు. యంత్రం గది తాళంచెవి తీసుకున్నారు. తన కన్ను అంచుకు దించి పొడిని సరిచూసే మనిషిని స్టోరు గదిలో బీకర్ల మధ్య కూర్చోబెట్టారు, రిటైరయ్యేదాకా. యంత్రం ఇంకొకరికి అప్పగించారు. ఆయన స్మూత్ చేసి ఇస్తాడట. బుధవారం మైకులో వినపడిన మంచి రిజల్ట్స్ అవి. ఆ పని ఆమెకు అంటగట్టి దండ వేశారు.

వాళ్ళను తిట్టే హక్కు నాకు ఎంత ఉందో నాకు తెలుసు. తెలిసే తిడుతున్నాను.

ఆ వేసవిలో ఒకసారి స్టోరు గదికి వెళ్ళాను. ఊరు మొత్తంలో కాసింది నా తోట ఒక్కటే. మంచి కాయలు ఏరి బుట్టలో పెట్టుకొని వెళ్ళాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది. ఆమె పరీక్షనాళికలు లెక్కపెడుతూ తల ఎత్తలేదు.

"ఏ చెట్టు కాయలు?"

"మా తోటవి."

"మునిరత్నం తోటవి తే, తింటా."

"ఆ తోట ఈ ఏడు కాయలేదు."

"తెలుసు" అన్నది. లెక్క తప్పిందేమో, మళ్ళీ మొదటినుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంది. బుట్ట ఎత్తుకొని వచ్చేశాను. తరువాత ఆమెను ఫోటోలోనే చూశాను.

ఇప్పుడు మళ్ళీ పూత కాలం. అదే డీలరు, కొత్త లేబులు, పేరు మారిన సీసా. పోయిన శుక్రవారం, అంటే సభ అయిన రెండో రోజున, అర్జీ రాసుకొని, ఆమె ఇచ్చిన మూడు కాగితాలూ జతచేసి మా ఊరికి వెళ్ళాను. మునిరత్నం పాకలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అర్జీ చేతికిచ్చాను. అతను వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. చదివి మడిచి మంచం మీద పెట్టాడు.

"ఆ అమ్మ మూడుమార్లు వచ్చింది సామీ సంతకానికి. మూడోమారు మా ఇంట్లోనే సద్ది తాగింది. మేం పెట్టలా."

"ఎందుకు పెట్టలేదు?"

"మీరు పెట్టలేదు గదా."

అతను అర్జీ మళ్ళీ విప్పి ఒక వరుస మీద వేలు పెట్టాడు. "ఇందులో 'నాతో సహా ఊరి రైతులందరం ఈ మందు కొట్టి మోసపోయినాం' అని రాసినారు."

"అవును."

"అది తీసెయ్యండి సామీ."

"ఎందుకు?"

"మా ఆకుల మీద తెల్లగా ఉప్పు పట్టింది. మీ ఆకులు కడిగినట్టు ఉండినాయి. మర్నాడే సూసినాం. ఊరంతా సూసినాం." అతని గొంతులో కోపం ఉంటే బాగుండేది. "నాలుగేండ్లుగా మీ ముందర ఎవురూ అనలా. మిమ్మల్ని అబద్ధం ఆడించేది మాకు సిగ్గు. ఇప్పుడు కాగితం మీద మీరే ఆడతా ఉండారు. ఉన్నది రాయండి, పెడతా."

అతని భార్య పెన్ను తెచ్చి ఇచ్చింది. పాకలో బల్ల లేదు. మంచం పట్టె మీద కాగితం పెట్టి, నేల మీద మోకాళ్ళు ఆనించి, నడుము వంచి ఆ వరుస కొట్టేశాను. పైన సందులో చోటు తక్కువగా ఉంది. చిన్న అక్షరాలతో రాశాను: మందు మంచిది కాదని ముందే తెలిసి నేను నా చెట్లకు నీళ్ళు కొట్టినాను, వీళ్ళకు చెప్పలేదు.

మునిరత్నం ఆ వరుస రెండుసార్లు చదివాడు. కింద సంతకం పెట్టి, అర్జీ తీసుకొని పక్కింటికి బయలుదేరాడు. నన్ను రమ్మనలేదు. నేను లేచి వెనకాల నడిచాను.